ఒట్టి లీక్ ఉన్న అయోర్టిక్ వాల్వ్‌కు టావి: ఎక్కడెక్కడ తేడా కొడుతుంది?

ప్రొద్దుటూరు_ఫిజీషియన్:

టావి (ఛాతీ తెరవకుండా, రక్తనాళం గుండా కొత్త అయోర్టిక్ వాల్వ్ వేయడం) చేసే డాక్టర్లకూ, క్యాథ్ ల్యాబ్ వాళ్లకూ ఒక ప్రశ్న.

పేషెంటు 76 ఏళ్ల రైతు. గుండె నుంచి పెద్ద ధమనిలోకి (అయోర్టాలోకి) తెరుచుకునే అయోర్టిక్ వాల్వ్ బాగా లీక్. గట్టు మీద పది అడుగులు వేస్తే ఆయాసం, రాత్రి మూడు దిండ్లు లేనిదే నిద్ర లేదు. బీపీ 160/45. ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుకు బయటికి తోసే రక్తం వంతు) 45 శాతం, ఎడమ జఠరిక (రక్తాన్ని తోసే కింది గది) ముడుచుకున్నప్పుడు 54 మి.మీ. వాల్వ్ రెక్కల్లో కాల్షియం లేదు, దారి సన్నబడలేదు, ఒట్టి లీకే. పదేళ్ల కిందట బైపాస్ అయింది. సిఒపిడి (ఊపిరితిత్తుల జబ్బు) ఉంది, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.6. మళ్లీ ఛాతీ తెరవడం ప్రమాదమని సర్జన్ చెప్పాక, పెద్దాసుపత్రిలో కాలి గుండా వాల్వ్ వేద్దామంటున్నారు. సిటి కూడా అయింది.

ఇంటివాళ్లు ‘స్టెంటు వేసినట్టే కదా సార్, మూడో రోజు ఇంటికి పంపిస్తారంట’ అంటున్నారు. స్టెనోసిస్‌కు (వాల్వ్ దారి సన్నబడిన జబ్బుకు) టావి అయినవాళ్లను ఇక్కడ ఫాలో అప్‌లో చూస్తుంటాను, ఆ దారి తెలుసు. ఒట్టి లీక్‌కు వేసినప్పుడు టేబుల్ మీద ఏం జరగొచ్చు, ఎందుకు జరుగుతుంది? ఊరికి వచ్చాక నేను ఏం కనిపెట్టుకుని ఉండాలి? సంతకం పెట్టే ముందు వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

---

టావి_కర్నూలు:

డాక్టర్ గారూ, ముందు ఆ ‘స్టెంటు వేసినట్టే’ అన్న మాట వాళ్ల మనసులోంచి తీసెయ్యండి.

2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదటి టావి చేసింది స్టెనోసిస్‌కు. ఆ తర్వాత వచ్చిన వాల్వ్‌లు చాలావరకు ఆ జబ్బును దృష్టిలో పెట్టుకుని చేసినవే. అక్కడ పాత రెక్కలు సున్నం పట్టి రాయిలా ఉంటాయి. కొత్త వాల్వ్ లోపల విచ్చుకోగానే ఆ కాల్షియమే దాన్ని కరిచి పట్టుకుంటుంది. అక్కడ మనకు శత్రువూ అదే, ఆధారమూ అదే. మీ పేషెంటుకు ఆ ఆధారం లేదు. రెక్కలు మెత్తగా ఉన్నాయి, వాల్వ్ కూర్చునే రింగ్ సాగి పెద్దదైంది, పైగా లీకైన రక్తమంతా తిరిగి వచ్చి కలవడంతో గుండె ఒక్కో కొట్టుకు మామూలు కంటే చాలా ఎక్కువ రక్తాన్ని తోస్తోంది. గోడలో మేకు దిగింది కానీ గోడ మట్టిది, మేకును ప్రతి సెకనుకూ ఎవరో గుంజుతున్నారు అనుకోండి. వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

మొదటిది వాల్వ్ జారిపోవడం. విడుదల చేసిన క్షణంలోనో, కొన్ని నిమిషాలకో పైకి ఎగిరి అయోర్టాలోకి పోతుంది, లేదా కిందికి జారి జఠరికలో పడుతుంది. అయోర్టాలోకి పోతే దారి ఉంది. లోపలి వైరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి తీయకూడదు. వైరు ఉన్నంతసేపు వాల్వ్ తిరగబడదు. వైరు పోతే వాల్వ్ తలకిందులై రక్తం దారినే మూసేస్తుంది. స్నేర్‌తో (ఉచ్చు లాంటి వైరుతో) పట్టుకుని, మెడకూ చేతులకూ వెళ్లే రక్తనాళాలకు అడ్డం రాని చోట దాన్ని కూర్చోబెట్టి, రెండో వాల్వ్ వేస్తారు. జఠరికలో పడితే మాత్రం చాలావరకు ఛాతీ తెరవాల్సిందే. ఛాతీ తెరవలేమనే కదా ఈయన్ని ఇక్కడికి పంపింది! కాబట్టి ‘జారితే ఏం చేస్తారు, సర్జన్, హార్ట్ లంగ్ మిషన్ ఆ గదికి ఎంత దూరంలో ఉంటాయి’ అని ముందే అడగాలి. ఇంకో మాట. అలాంటప్పుడు బీపీ పడిపోతే బెలూన్ పంప్ (అయోర్టాలో ఉబ్బుతూ తగ్గుతూ గుండెకు సాయపడే బెలూన్) పెట్టడానికి లేదు. అయోర్టిక్ లీక్ ఉన్నచోట ఆ బెలూన్ ఉబ్బిన ప్రతిసారీ రక్తాన్ని వెనక్కే నెడుతుంది.

రెండోది వాల్వ్ చుట్టూ మిగిలే లీక్. కొత్త వాల్వ్ రెక్కలు బాగానే మూసుకుంటాయి, కానీ ఫ్రేముకూ రింగ్‌కూ నడుమ సందు మిగులుతుంది. కొంచెం ఉంటే ఓర్చుకోవచ్చు. మోస్తరుగా ఉన్నా ముందుముందు ప్రాణానికి ముప్పు పెరుగుతుంది. కంటి చూపుతో తేల్చకుండా టేబుల్ మీదే లెక్క కట్టాలి. అయోర్టా కింది బీపీలోంచి జఠరికలో డయాస్టోల్ (గుండె సడలే దశ) చివరి ప్రెషర్ తీసేసి, వచ్చినదాన్ని పై బీపీతో భాగించి, నూటితో గుణించాలి. 25 కంటే తక్కువ వస్తే లీక్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ఉదాహరణకు వాల్వ్ వేశాక 130/65, జఠరికలో 15 ఉంటే లెక్క 38, బాగుంది. 135/48, జఠరికలో 24 ఉంటే 18 దగ్గరే ఆగుతుంది. అప్పుడు బెలూన్‌తో ఇంకాస్త విప్పడమా, ఇంకో వాల్వా అన్నది అక్కడే నిర్ణయించాలి. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటున్నప్పుడు ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుంది, పేస్ చేసి (వైరు ద్వారా కరెంటు ఇచ్చి గుండె వేగం పెంచి) చూడాలి.

మూడోది హార్ట్ బ్లాక్, అంటే రక్తనాళం పూడుకోవడం కాదు, గుండెలో కరెంటు దారి తెగడం. పట్టు దొరకాలని రింగ్ కంటే పెద్ద వాల్వ్ ఎంచుతాం. ఆ ఫ్రేము పక్కనే పోయే కరెంటు తీగను, అంటే హిస్ బండిల్‌ను నొక్కుతుంది. మరీ పెద్దది వేస్తే రింగ్ చిరగడం కూడా ఉంటుంది. కాల్షియం లేనిచోట అది అరుదే, కానీ జరిగితే నిమిషాల మీద వ్యవహారం. ఇసిజి ఎలా ఉంది? సిటి కొలతలు కూడా పెట్టండి.

---

ప్రొద్దుటూరు_ఫిజీషియన్:

ఇసిజిలో కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ (కుడి వైపు కరెంటు తీగ పని చేయకపోవడం) ఉంది, పిఆర్ (పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరే సమయం) 210 మిల్లీసెకన్లు. సిటిలో రింగ్ చుట్టుకొలత 85 మి.మీ., వైశాల్యం 573 చ.మి.మీ. అసెండింగ్ అయోర్టా (గుండె నుంచి పైకి లేచే భాగం) 41 మి.మీ. తొడ ధమనులు రెండు వైపులా 7 మి.మీ. పైనే.

---

సిటి_ఎకో_అనంతపురం:

85ని 3.14తో భాగిస్తే 27 మి.మీ. వ్యాసం. వైశాల్యం నుంచి కట్టినా అంతే వస్తోంది, అంటే రింగ్ దాదాపు గుండ్రంగా ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతారు, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

‘ఇరవై శాతం పెద్ద వాల్వ్ వేస్తున్నాం’ అని ఒకరంటారు. దేనిలో ఇరవై శాతం? బెలూన్‌తో విప్పే వాల్వ్‌లకు వైశాల్యంతో కడతారు, తనంతట తాను విచ్చుకునే వాటికి చుట్టుకొలతతో కడతారు. 27 మి.మీ. రింగ్‌లో 29 నంబరు బెలూన్ వాల్వ్ వేస్తే వ్యాసంలో 7 శాతమే ఎక్కువ, వైశాల్యంలో 15 శాతం. 30.5 వేస్తే వైశాల్యంలో 27 శాతం దాటుతుంది. బెలూన్‌తో విప్పే సేపియన్ 3 సైజులు 29తో ఆగిపోతాయి. గుజరాత్‌లోని మెరిల్ చేసే మైవాల్‌లో 30.5, 32 కూడా ఉన్నాయి. సాగిన రింగ్‌లకు దాని పేరు ఎక్కువగా వినపడటానికి అదో కారణం. తనంతట తాను విచ్చుకునే ఎవల్యూట్‌లో 34 నంబరు 26 నుంచి 30 మి.మీ. రింగ్‌కు సరిపోతుంది. మీ పేషెంటుకు ఏది వేస్తారో, ఏ కొలతలో ఎంత శాతం పెద్దదో కాగితం మీద రాయించుకోండి. ఒట్టి లీక్‌కు ఇవన్నీ ఆ వాల్వ్‌లకు అనుమతి ఉన్న పరిధి దాటి వాడుతున్నవేనని ఇంటివాళ్లకు తెలియాలి.

లీక్ కోసమే తయారైన వాల్వ్‌లూ వచ్చాయి. యెనావాల్వ్ ట్రైలజీకి మూడు కొక్కేలు ఉంటాయి. అవి పాత రెక్కలనే బట్టల క్లిప్పులా పట్టుకుంటాయి, కాల్షియం అక్కర్లేదు. యూరప్‌లో 2021లో అనుమతి వచ్చింది. 180 మందిలో చేసిన అలైన్-ఏఆర్ అధ్యయనం 2024లో లాన్సెట్‌లో వచ్చింది. 95 శాతం మందిలో వాల్వ్ అనుకున్నట్టు కూర్చుంది, 30 రోజుల్లో చనిపోయినవాళ్లు 2 శాతం. అందులోనూ పేస్‌మేకర్ 24 శాతం మందికి, అంటే నలుగురిలో ఒకరికి, పడింది. లీక్ కోసమే చేసిన వాల్వ్‌లోనే అంత ఉందంటే, ముందే కుడి బండిల్ బ్లాక్ ఉన్న మీ పేషెంటు సంగతి మీకే అర్థమవుతుంది.

సిటి చూసేటప్పుడు రింగ్ ఒక్కటే కొలిచి వదిలేయకూడదు. రింగ్ కింది దారి ఆకారం చూడాలి. కిందికి పోయేకొద్దీ గరాటు తిరగేసినట్టు వెడల్పయితే వాల్వ్‌కు నిలకడ ఉండదు, కిందికి జారుతుంది. కరొనరీ ధమనుల మొదళ్లు రింగ్ నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో చూడాలి. 10 మి.మీ. లోపు ఉండి, పైన సైనస్ (రింగ్ పైన అయోర్టా ఉబ్బెత్తుగా ఉండే మొదలు) కూడా ఇరుకైతే పాత రెక్క వాటికి అడ్డం పడుతుంది. లీక్ పేషెంట్లకు సైనస్ సాధారణంగా వెడల్పే కాబట్టి ఈ భయం తక్కువ. కొలతలు గుండె ముడుచుకున్న దశలో, 1 మి.మీ. లోపు మందం ఉన్న స్లైసుల్లో తీసినవై ఉండాలి. ఊపిరి బిగబట్టలేని సిఒపిడి పేషెంటుకు బొమ్మ చెదిరి ఉంటే దాని మీద సైజు తేల్చకూడదు, మళ్లీ తీయించాలి.

మళ్లీ తీయడమంటే మళ్లీ డై. క్రియాటినిన్ 1.6తో ఆయన వయసుకు ఈజిఎఫ్‌ఆర్ (కిడ్నీలు వడగట్టే శక్తి) 44 దగ్గర ఉంటుంది. సిటి అయిన 48 నుంచి 72 గంటల మధ్య క్రియాటినిన్ చూసి, అది మునుపటి అంకెకు దిగాకే ప్రొసీజర్ పెట్టుకోవాలి. సలైన్ గబగబా ఎక్కిస్తే ఈ గుండె తట్టుకోదు, నెమ్మదిగానే.

---

టావి_కర్నూలు:

కుడి బండిల్ బ్లాక్ ఉందంటే పేస్‌మేకర్‌ను ‘పడొచ్చు’ అని కాదు, ‘పడే అవకాశం బాగా ఎక్కువ’ అనే చెప్పండి. టావి తర్వాత పేస్‌మేకర్‌కు బలమైన ముందస్తు గుర్తు అదే. వాల్వ్ ఎడమ బండిల్‌ను నొక్కిందంటే రెండు తీగలూ పోయినట్టే, కింది గదులకు కరెంటు రాదు. అందుకే వాల్వ్‌ను రింగ్‌కు కిందుగా 3 మి.మీ. దరిదాపుల్లోనే, మరీ లోతు పోకుండా కూర్చోబెట్టాలని చూస్తాం. లోతు పోతే ఇంకో గొడవ కూడా ఉంది, పక్కనే ఉన్న మైట్రల్ వాల్వ్ ముందు రెక్కకు ఫ్రేము తగులుతుంది. అయితే లీక్ కేసులో ఎత్తుగా పెడితే ఎగిరిపోతుందన్న భయం ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న మిల్లీమీటర్ల మీదే ఆపరేటరు చెయ్యి ఆడాలి. స్టెనోసిస్‌లు వందలు చేసినవాళ్లకు కూడా ఇది వేరే పని. ‘ఒట్టి లీక్‌కు మీరు ఎన్ని చేశారు’ అని అడగడం అమర్యాద కాదు.

---

క్యాథ్‌ల్యాబ్_టెక్నీషియన్:

సార్, టేబుల్ పక్కన కనపడే సంగతులు రెండు మూడు చెప్తాను.

స్టెనోసిస్ కేసులో ఫ్లోరోలో (కదిలే ఎక్స్‌రేలో) కాల్షియం నల్లగా మెరుస్తుంది, వాల్వ్ ఎక్కడ పెట్టాలో అదే గుర్తు. లీక్ కేసులో తెర మీద ఏమీ కనపడదు, గుండె నీడ ఒక్కటే కదులుతుంటుంది. అందుకని ఒక పిగ్‌టెయిల్‌కు (కొస చుట్టలా ఉండే సన్న గొట్టానికి) బదులు రెండు పెట్టి, రెండు కస్పుల (వాల్వ్ రెక్కల) అడుగున ఆనిస్తారు. ఆ రెండు చుట్టల కింది అంచుల్ని కలిపే గీతే రింగ్ అనుకుని పని చేయాలి. రెండోదాని కోసం ఇంకో పంక్చర్, అంటే ఇంకో చోట రక్తస్రావానికి అవకాశం.

పేసింగ్ చాలా ముఖ్యం. బెలూన్ వాల్వ్ విప్పేటప్పుడు 180 నుంచి 220 రేటులో పేస్ చేస్తాం, పై బీపీ 50, 60 దగ్గరికి దిగాలి. అప్పుడే గుండె తోపు తగ్గి వాల్వ్ కదలదు. లీక్ కేసులో తనంతట తాను విచ్చుకునే వాల్వ్‌కు కూడా పేస్ చేస్తూనే నెమ్మదిగా వదులుతారు. ఒక్క బీట్ క్యాప్చర్ తప్పినా (పేసింగ్‌కు గుండె స్పందించకపోయినా) ఆ ఒక్క తోపుకే వాల్వ్ ఎగరొచ్చు. కాబట్టి మొదలుపెట్టే ముందు పేసింగ్ ఒకసారి పరీక్షించి చూడటం తప్పనిసరి. ఆ టెంపరరీ పేసింగ్ వైరే కుడి జఠరిక గోడను పొడిచి, గుండె చుట్టూ రక్తం చేరేలా చేస్తుంది. ఎడమ వైపు గట్టి వైరు కూడా అంతే, అందుకే కొస ముందే చుట్టలా వంచిన వైర్లు వాడతారు. కేసు అయిపోయి పేషెంటు వార్డులోకి వెళ్లాక బీపీ దిగుతూ, పల్స్ పెరుగుతూ ఉంటే మొదట ఎకో ప్రోబ్ పెట్టి చూడాలి.

వాల్వ్ కుదిరిందో లేదో మానిటర్ మీద అందరికీ కనపడుతుంది. ముందు అయోర్టా గీత ఎత్తుగా లేచి కొండ మీంచి దొర్లినట్టు పూర్తిగా కిందికి పడిపోతుంటుంది. వాల్వ్ పని చేయగానే దిగే గీత నడుమ చిన్న నొక్కు తిరిగి వస్తుంది, కింది బీపీ 45 నుంచి 60, 65కు లేస్తుంది. ఆ నొక్కు రాలేదంటే డాక్టరు గారు ఇంకా గ్లవ్స్ తీయరు.

తొడ దగ్గర తరచు 14 ఫ్రెంచ్ షీత్ (వాల్వ్‌ను లోపలికి పంపే గొట్టం) పోతుంది, కొన్ని పెద్ద వాల్వ్‌లకు ఇంకా లావుది. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. 14 ఫ్రెంచ్‌కు ధమని 5.5 మి.మీ. ఉంటే సరిపోతుంది, మీ పేషెంటుకు 7 పైన ఉంది కాబట్టి నయం. సన్నటి ఆడవాళ్లలో, కాల్షియం పట్టిన ధమనుల్లో చిరుగుతుంది. షీత్ వేయకముందే ప్రోగ్లైడ్ కుట్లు రెండు వేసి ఉంచుకుంటారు, చివర్లో ముడి బిగిస్తారు. పంక్చర్ తొడ ఎముక తలకు ఎదురుగా పడాలి. పైకి పోతే రక్తం కడుపు వెనక చేరుతుంది, బయటికి చుక్క కనపడదు. నడుము నొప్పి, చెమటలు, బీపీ పడటం, ఇవే దానికి గుర్తులు.

---

హార్ట్_సర్జన్_కడప_జిల్లా:

నా వైపు మాట కూడా ఇక్కడ ఉండాలి. ఈ చర్చ చదివి, వాల్వ్ లీక్ ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ‘కోత లేకుండా చేస్తారంట’ అని తిరగకూడదు.

ఒట్టి అయోర్టిక్ లీక్‌కు మొదటి చికిత్స ఇవాళ్టికీ సర్జరీనే. 2020 నాటి అమెరికన్ మార్గదర్శకాలు సర్జరీకి తగిన పేషెంటుకు లీక్ కోసం టావి చేయకూడదనే స్పష్టంగా రాశాయి, హాని చేసే కోవలో పెట్టాయి. మన దగ్గర కీళ్ల జ్వరంతో వాల్వ్ చెడిన ముప్పై, నలభై ఏళ్లవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు మైట్రల్ కూడా చెడి ఉంటుంది. వాళ్లకు ఇది దారి కాదు. అయోర్టా సాగడం వల్లే వాల్వ్ లీకవుతుంటే లోపల వాల్వ్ మార్చినంత మాత్రాన సాగిన గొట్టం ఆగదు. వాల్వ్ సర్జరీకి ఎలాగూ వెళ్తున్నప్పుడు అయోర్టా 45 మి.మీ. ఉంటే దాన్నీ మార్చే ఆలోచన చేస్తాం. వాల్వ్ మీద ఇన్ఫెక్షన్ ఉండి లీకవుతుంటే టావి మాటే ఎత్తకూడదు.

మీ పేషెంటు వేరు. బైపాస్ అయినవాళ్లకు ఛాతీ ఎముక మళ్లీ కోసేటప్పుడు దాని వెనకే అతుక్కున్న గ్రాఫ్ట్ తెగే ప్రమాదం ఉంది, పైగా సిఒపిడి, కిడ్నీ. ఈయనకు టావి ఆలోచించడం సబబే. అలాగని ఇంకా ఆగుదామన్నా కుదరదు. ఆయాసం మొదలైంది, ఈఎఫ్ 50 కంటే దిగింది, ముడుచుకున్నప్పటి కొలత 50 దాటింది. ఏ మార్గదర్శకం చూసినా వాల్వ్ మార్చే సమయం వచ్చేసింది. ఇంకోటి, ఒకప్పుడు సర్జరీలో పెట్టిన టిష్యూ వాల్వ్ చెడి లీకవుతుంటే దాని లోపల టావి వేయడం దీనికంటే నయం. పాత వాల్వ్ ఫ్రేమే పట్టు ఇస్తుంది. ‘మా బంధువుకు లీక్‌కే వేశారు, బాగున్నాడు’ అని ఎవరైనా చెప్తే ఆ రెంటిలో ఏదో అడగండి.

---

ప్రొద్దుటూరు_ఫిజీషియన్:

చాలా స్పష్టంగా ఉంది. డిశ్చార్జ్ అయ్యాక నా వంతు గురించి కూడా ఎవరైనా చెప్పండి.

---

వాల్వ్_క్లినిక్_నర్స్:

సార్, మొదటి సంగతి దూరం. హైదరాబాద్‌లో చేయించుకుని కర్నూలు రావాలన్నా, బెంగళూరులో చేయించుకుని అనంతపురం రావాలన్నా 200 కిలోమీటర్ల పైన, మీకు ఇంకా ఎక్కువ. హార్ట్ బ్లాక్ కొందరికి ఇంటికి వచ్చాక వస్తుంది, ముఖ్యంగా మొదటి వారంలో. పేస్‌మేకర్ పెట్టకుండా పంపిస్తే, ఆ వారం ఆసుపత్రి దగ్గరే బంధువుల ఇంట్లోనో, లాడ్జిలోనో ఉండమనండి. ఊరికి వచ్చాక రెండు రోజులకోసారి ఇసిజి తీయండి. ప్రతిసారీ పాతది పక్కన పెట్టుకుని చూడండి. పిఆర్ 240 దాటినా, క్యూఆర్ఎస్ (కింది గదుల్లో కరెంటు పాకే సమయం) 150 దాటినా, రెండూ పెరుగుతూ పోతున్నా వాళ్లకు వెంటనే ఫోన్ చేయండి. ఒక్కసారి కళ్లు బైర్లు కమ్మి పడినా ‘ఎండ దెబ్బ’ అనుకోవద్దు, 108 పిలిపించండి.

బీపీ ఎక్కువుందని మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, వెరపామిల్ లాంటివి వాళ్లను అడగకుండా మొదలుపెట్టొద్దు సార్. బ్లాక్ ముదురుతుంది. లీక్ మిగిలి ఉంటే ఇంకో నష్టం కూడా. గుండె నెమ్మదించేకొద్దీ రెండు కొట్ల మధ్య సమయం పెరిగి లీక్ ఎక్కువవుతుంది.

కింది బీపీని రాసి పెట్టుకోండి. డిశ్చార్జ్‌లో 65 ఉన్నది 48కి దిగిందంటే, ఆయాసం తిరిగి మొదలైందంటే వాల్వ్ కదిలిందేమో, చుట్టూ లీక్ పెరిగిందేమో అని ఎకో పంపించాలి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారి, హిమోగ్లోబిన్ తగ్గి, ఎల్‌డిహెచ్ పెరిగితే, సందులోంచి దూకే రక్తకణాలు చితికిపోతున్నాయని అర్థం.

గజ్జల్లో చెయ్యి పెట్టి చూడండి. నిమ్మకాయంత గడ్డ ఉండి, వేలి కింద కొట్టుకుంటుంటే డాప్లర్ చేయించాలి, నొక్కి పిసకకూడదు. వారం పాటు బిందె ఎత్తడం, బండి కిక్ కొట్టడం, గొంతుకూర్చోవడం వద్దు. మందుల్లో, వేరే కారణం లేకపోతే ఆస్పిరిన్ 75 ఒక్కటే చాలు. 2020లో వచ్చిన పాపులర్ టావి అధ్యయనం తర్వాత క్లోపిడోగ్రెల్ కలపడం తగ్గింది, కలిపితే రక్తస్రావమే పెరుగుతోంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే రక్తం పలచబరిచే మందు వేరుగా ఉంటుంది, అప్పుడు ఆస్పిరిన్ ఆపేస్తారా అని వాళ్లనే అడగాలి. వార్ఫరిన్ అయితే గోంగూర, మునగాకు పూర్తిగా మాన్పించక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి.

ఎకో డిశ్చార్జ్‌కు ముందు, నెలకు, సంవత్సరానికి, ఆ తర్వాత ఏటా. మీన్ గ్రేడియంట్ (వాల్వ్‌కు రెండు వైపులా ఉన్న ప్రెషర్ తేడా సగటు) మొదటిదానికంటే 10 పెరిగి 20 చేరిందంటే రెక్కల మీద రక్తం గడ్డ కట్టిందేమో సిటిలో చూస్తారు. అది చాలాసార్లు వార్ఫరిన్‌తో కరుగుతుంది.

చివరిగా జ్వరం. ఈ వాల్వ్ ఉన్న మనిషికి మూడు రోజుల జ్వరం వస్తే మందుల షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ ఒక్క డోసు కూడా పడకముందే, వేరు వేరు చోట్ల నుంచి మూడు బ్లడ్ కల్చర్లు తీయాలి. ఒక్క మాత్ర పడినా కల్చర్‌లో పురుగు పెరగకపోవచ్చు, అప్పుడు గుడ్డిగా వారాల తరబడి ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వస్తుంది. పన్ను పీకించుకోవాలన్నా, చిగుళ్లకు శుభ్రం చేయించుకోవాలన్నా అరగంట నుంచి గంట ముందు అమోక్సిసిలిన్ 2 గ్రాములు. పెన్సిలిన్ పడనివాళ్లకు అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. వీలైతే పాడైన పళ్లు టావికి ముందే తీయించి పంపండి సార్. వాల్వ్ పేరు, నంబరు, తేదీ ఉన్న కార్డును ఫోటో తీసి కొడుకుల ఫోన్లలోనూ, మీ ఫైల్లోనూ పెట్టించండి. అర్ధరాత్రి కడపలో ఎవరి చేతికి చిక్కినా ముందు అడిగేది అదే.